ఆఫీసు ల్యాప్‌టాప్‌కున్న వీపీఎన్ సొంత ఫోనుకెందుకు లేదు?

సంపాదకులకు నమస్కారం.

2020 లాక్‌డౌన్ నాళ్లలో ఇంటి నుంచి పని మొదలైనప్పటి నుంచీ వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మన రాకపోకలను ఇతరులు చూడకుండా దాచే ఏర్పాటు) అన్న మాట సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న తెలుగు ఇళ్లలో నిత్యం వినబడుతోంది. ల్యాప్‌టాప్ తెరవగానే ముందు వీపీఎన్‌కు కనెక్ట్ అయి, ఆ తరవాతే ఆఫీసు మెయిల్ చూడటం వారికి అలవాటు. అదే ఉద్యోగి రైల్వే స్టేషన్‌లోనో, హోటల్ గదిలోనో కూర్చుని సొంత ఫోనులో బ్యాంకు ఖాతా, తల్లిదండ్రుల రక్తపరీక్షల రిపోర్టులు, పిల్లల ఫీజు రసీదులు తెరిచేటప్పుడు మాత్రం ఉచిత వైఫైని ఏ అడ్డూ లేకుండా వాడేస్తున్నారు. కంపెనీ తన ఫైళ్ల విషయంలో తీసుకుంటున్న జాగ్రత్త మన ఇంటి కాగితాల విషయంలో మనం తీసుకోకపోవడం నన్ను కలవరపెడుతోంది.

2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో ప్రారంభమైన, రైల్వే శాఖ సంస్థ రైల్‌టెల్ వారి ఉచిత వైఫై ఇప్పుడు ఆరు వేలకు పైగా స్టేషన్లకు విస్తరించింది. డేటా ప్యాక్ వేయించుకోలేని విద్యార్థులకు అది ఎంతో మేలు చేసింది కనుక దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చిక్కల్లా బహిరంగ వైఫైకి ఎవరైనా ఏ పేరైనా పెట్టగలగడంలో ఉంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్న మోసగాడు తన హాట్‌స్పాట్‌కు స్టేషన్ వైఫై పేరే పెడితే, పాస్‌వర్డ్ లేని ఆ రెండు నెట్‌వర్కుల మధ్య మన ఫోను తేడా పట్టలేదు. పైగా, ఒకసారి గుర్తుపెట్టుకున్న పేరు కనబడితే మనల్ని అడగకుండానే కలిసిపోవచ్చు.

వీపీఎన్ ఆన్ చేసి ఉంటే మన సమాచారం ఫోను దాటక ముందే సంకేతభాషలోకి మారి, నేరుగా వీపీఎన్ సంస్థ సర్వర్‌కు చేరుతుంది. మధ్యలో కూర్చున్న వ్యక్తికి ఏదో ఒక సర్వర్‌తో రాకపోకలు జరుగుతున్నాయన్నది తప్ప మరేమీ తెలియదు. ఈ రోజుల్లో చాలా వెబ్‌సైట్లు హెచ్‌టీటీపీఎస్ (సైటుకూ మనకూ మధ్య సమాచారాన్ని సంకేతభాషలో పంపే పద్ధతి) వాడుతున్నందున పాస్‌వర్డులు ఎలాగూ భద్రమే కదా అని కొందరు వాదిస్తారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ హెచ్‌టీటీపీఎస్ ఉన్నా మనం ఏ ఆసుపత్రి సైటుకు, ఏ బ్యాంకు సైటుకు వెళ్తున్నామో ఆ పేర్లు సాధారణంగా వైఫై యజమానికి కనబడతాయి. తరచూ క్యాన్సర్ ఆసుపత్రి సైటు చూసే వ్యక్తి ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించడానికి ఆ పేరొక్కటీ చాలు. ఆ పద్ధతిని సరిగా పాటించకుండా అరకొర జాగ్రత్తలతో తయారైన యాప్‌లకూ కొదవ లేదు. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగుల్లో వీపీఎన్ ఎల్లప్పుడూ ఆన్‌లో ఉండేలా, అది తెగిపోతే ఇంటర్నెట్టే ఆగిపోయేలా పెట్టుకునే వీలు ఉంది. అయినా ఆ సంగతి తెలిసినవారు నాకు అరుదుగా కనబడుతున్నారు.

అలాగని ప్రకటనల్లో ఊదరగొడుతున్నట్లు వీపీఎన్ ఉంటే సకల మోసాల నుంచీ బయటపడతామని నమ్మితే ప్రమాదమే. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్ యాప్ ఫైలును) మనమే ఇన్‌స్టాల్ చేసుకున్నా, డిజిటల్ అరెస్టు అంటూ బెదిరించిన వాడికి మనమే డబ్బు పంపినా వీపీఎన్ అడ్డుకోలేదు. అక్కడ ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయడమే దిక్కు.

ఉచిత వీపీఎన్‌ల గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. వీపీఎన్ వాడితే మన నమ్మకం ఇంటర్నెట్ సంస్థ నుంచి వీపీఎన్ సంస్థకు మారుతుందే తప్ప, ఎవరినీ నమ్మక్కర్లేని స్థితి రాదు. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో సంస్థ, సమాచారాన్ని భద్రంగా ఉంచుతామంటూ ఉచిత వీపీఎన్ యాప్ ఇచ్చి, వినియోగదారులు ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో సేకరించింది. 2018లో ఆ యాప్ యాపిల్ స్టోర్ నుంచి తొలగిపోగా, దీని మీదే 2023లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అనుబంధ సంస్థలకు 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. రుసుము అడగని సంస్థ ఖర్చులు ఎక్కడి నుంచి రాబట్టుకుంటోందో తెలుసుకోకుండా ఇలాంటి యాప్‌ను ఫోనులోకి రానివ్వకూడదు.

మన దేశంలో నమ్మదగిన సేవను ఎంచుకోవడం 2022 తరవాత మరింత కష్టమైంది. ఆ ఏడాది ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఐపీ (ఇంటర్నెట్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) వివరాలు ఐదేళ్ల పాటు భద్రపరచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఇక్కడి సర్వర్లను తొలగించుకున్నాయి. కంపెనీల అంతర్గత వీపీఎన్‌లకు ఈ నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ తరవాత వివరణ ఇచ్చింది. నేరస్తులను పట్టుకోవలసిన అవసరాన్ని నేను కాదనను. అయితే నిందితుల వివరాలు కోర్టు అనుమతితో తీసుకోవడం వేరు, ఏ నేరమూ చేయని లక్షలాది మంది వివరాలను ఏళ్ల తరబడి పోగుచేయించడం వేరు. అలా పోగైన వివరాలు కూడా ఏదో ఒకనాడు దొంగల పాలు కావచ్చు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది కనుక, కంపెనీలకు ఇచ్చిన వెసులుబాటు పౌరులకూ ఇచ్చేలా ఈ నిబంధనను కేంద్రం పునఃపరిశీలించాలి. వీపీఎన్ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో సెర్ట్-ఇన్ తెలుగులో స్పష్టంగా రాయించి, స్టేషన్ వైఫైకి ఓటీపీ కొట్టే పేజీలోనే కనబడేలా రైల్‌టెల్ చేత పెట్టించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వరంగల్