క్యూ దాటించే పాస్‌కు వేళాపాళా ఉండదా?

అయ్యా,

దసరా సెలవుల్లో పిల్లలను ఎక్కడికి తీసుకెళ్ళవచ్చో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి పది రోజులైంది. థీమ్ పార్కుల్లో కాస్త ఎక్కువ డబ్బు పెట్టి పాస్ కొనుక్కుంటే క్యూ బాధ తప్పుతుందని అందులో రాశారు. కొన్నవాళ్ళకు తప్పిన బాధ ఎవరి నెత్తిన పడుతుందో కూడా రాయాల్సింది. ఈ సెలవుల్లో అది నా మీద, నా ఇద్దరు మనవల మీద పడింది.

నగర శివార్లలోని ఒక పార్కులో మధ్యాహ్నం మూడు గంటలకు రోలర్ కోస్టర్ వరుసలో నిలబడ్డాం. బోర్డు మీద నిరీక్షణ సమయం 45 నిమిషాలని ఉంది. బండిలో 24 సీట్లు, అయిదు నిమిషాలకొక విడత. మా ముందు సుమారు 150 మంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన నాకు అరగంట పని అనిపించింది. కానీ ప్రతి విడతలోనూ పాస్ వాళ్ళను ముందు కూర్చోబెట్టి, మిగిలిన ఆరేడు సీట్లకే మా గొలుసు తీశారు. అరగంట రెండు గంటలు దాటింది. తడి తువ్వాలు భుజాన వేసుకున్న మా చిన్నవాడు ఇనుప కమ్మీ పట్టుకుని, గొలుసు తీసినప్పుడల్లా తలలు లెక్కపెట్టాడు. కాసేపటికి అదీ మానేసి నేల మీద కూలబడ్డాడు.

అదే పాస్ వరుస ఉదయం పదకొండింటికి ఖాళీగా ఉంది. అప్పుడందరూ నీళ్ళ ఆటల్లో ఉన్నారు, మూడు కాగానే ఒక్కసారిగా ఇటు వచ్చారు. పాస్ మీద సమయం వేయకపోతే జరిగేది ఇదే. ఎన్ని పాస్‌లు అమ్ముతారని కౌంటర్లో అడిగాను. అడిగినవాళ్ళందరికీ ఇస్తామన్నారు.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్యేమీ కాదు. అమెరికాలో, ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ పార్కులో 1999లోనే ఫాస్ట్‌పాస్ పెట్టారు. ఆట దగ్గరకు రావాల్సిన గంట వ్యవధి దాని మీద ముద్రించి, ప్రవేశ టికెట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఉచితంగా ఇచ్చేవారు. ఆ గంటకు లెక్కపెట్టిన పాస్‌లు అయిపోతే తర్వాతి గంటకే. 2016లో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు మూడు ఆటలకు ముందే వేళలు ఎంచుకుని హాయిగా తిరిగాం. 2021లో వాళ్ళూ డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు, అది నాకు నచ్చలేదు. అయినా వేళ ఇవ్వడం మానలేదు. అంతదూరం ఎందుకు, తిరుపతిలో శ్రీనివాసం, విష్ణు నివాసం దగ్గర ఉచితంగా ఇచ్చే సర్వదర్శనం టోకెన్ మీద కూడా సమయం ఉంటుంది. కొండకు వచ్చే జనానికి చేయగలిగిన ఏర్పాటు ఒక ఆటల పార్కుకు చేతకాదా?

ఈ పాస్‌ల మీద ఫిర్యాదు చేద్దామని సంబంధిత కార్యాలయానికి వెళితే అది తమ పరిధిలోకి రాదన్నారు. మరి ఎవరి పరిధి? ప్రవేశ టికెట్ మీద 18 శాతం జీఎస్టీ తీసుకునే ప్రభుత్వానికి, ఆ టికెట్ కొన్న మనిషికి దక్కేదేమిటో చూసే బాధ్యత లేదా? వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. చట్టం ఉంది, కార్యాలయం ఉంది, కుర్చీలో మనిషీ ఉన్నాడు. అడిగితే మాత్రం పక్క గది చూపిస్తారు. రేషన్ కార్డులో పేరు దిద్దించుకోవడానికి మూడు కార్యాలయాలు తిరిగినవాణ్ణి కనుక నాకు ఆశ్చర్యం లేదు, కోపం మాత్రం తగ్గలేదు.

ప్రతి పాస్ మీద అది ఏ గంటకు చెల్లుతుందో ముద్రించాలి. గంటకు ఎన్ని అమ్ముతారో, ప్రతి విడతలో మామూలు వరుసకు ఎన్ని సీట్లు వదులుతారో ప్రవేశ ద్వారం దగ్గరే, మనం డబ్బు కట్టకముందే రాసిపెట్టాలి. సంక్రాంతి సెలవులకు మీరు మళ్ళీ ఇలాంటి వ్యాసం వేస్తే, దయచేసి మీ విలేకరిని పాస్ లేకుండా పంపించండి.

ఇట్లు
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, ఖమ్మం