ముగించామని మీరు మెసేజ్ పెట్టిన ఫిర్యాదు ఇంకా ముగియలేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర ఒక పల్లె. నిమ్మతోట ఉంది. వాగు దాటి తోటలోకి పోవాలంటే మా పాత ఫోర్ వీల్ జీపే దిక్కు. పొగ ఎక్కువై ఆయిల్ తాగుతోందని దసరా సెలవుల్లో నేనూ, డిప్లొమా చదివే మా అబ్బాయీ ఇంట్లోనే ఇంజను దించి మొత్తం విప్పాం. క్రాంకు, అంటే ఇంజను లోపల తిరిగే ఇరుసు, నెల్లూరు లేత్ షాపులో ఇరవై సైజుకు (అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై తగ్గేలా) గ్రైండింగ్ చేయించి, మీ బేరింగ్ సెట్టు కొన్నాం. పెట్టె మీద 020 అని ఉంది. లోపల షెల్స్ (క్రాంకు చుట్టూ కూర్చునే బేరింగ్ ముక్కలు) వెనక 010 అని కొట్టి ఉంది, అంటే పది సైజువి, మా క్రాంకుకు వదులవుతాయి. మావాడు తిప్పి చూశాడు కాబట్టి సరిపోయింది. చూడకుండా బిగించి ఉంటే ఆయిల్ ప్రెషర్ నిలవక ఇంజను మళ్ళీ పోయేది.

ప్యాకింగులో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీరు చేసినదానికే ఈ ఉత్తరం.

కొన్న షాపుకు పోతే "సీలు తీసేశారు, ఇంక మాకు సంబంధం లేదు, కంపెనీకి చెప్పుకోండి" అన్నారు. సీలు తీయకుండా లోపల ఏముందో ఎట్టా తెలుస్తుందండీ? మీ టోల్ ఫ్రీ నంబరుకు చేశాను. ఒకమ్మాయి ఫోటోలు పంపమంది. పంపాను. మూడు రోజులకు ఇంకొకాయన ఫోన్ చేసి కథంతా మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఫోటోలు మళ్ళీ పంపమన్నాడు. పంపాను. మరో వారానికి మూడో మనిషి, "బండి ఏ వర్క్‌షాపులో ఉంది?" అని అడిగాడు. ఇంట్లోనే అన్నాను. "ఇంట్లో విప్పిన ఇంజనుకు మేం బాధ్యులం కాదు సార్, మీరేమన్నా మెకానిక్కా?" అన్నాడు. మీ షెల్స్ నేను బిగించనే లేదు, పెట్టెలోనే ఉన్నాయి అని చెబుతుండగానే లైను కట్ చేశాడు.

విజయవాడ డిస్ట్రిబ్యూటర్ నంబరు ఇచ్చారు. ఆయన కంపెనీ నుంచి మెయిల్ వస్తేనే మార్చి ఇస్తానన్నాడు. మీకు నాలుగు మెయిళ్ళు పెట్టాను. నాలుగింటికీ ఒకే అచ్చు జవాబు వచ్చింది. ఐదో వారం మెసేజ్ వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏం పరిష్కరించారు? ఎవరు పరిష్కరించారు?

ఇక్కడ కార్తీకం వానలు పట్టుకున్నాయి. ఇంజను బ్లాకు వరండాలో టార్పాలిన్ కింద ఉంది. లైనర్లు తుప్పు పట్టకుండా రెండు రోజులకోసారి ఆయిల్ రాస్తున్నాను. నిమ్మకాయల బస్తాలు కూలీలు తలమీద వాగు దాటిస్తున్నారు, ఆ కూలి వేరే. అబ్బాయి హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "నాన్నా, షెల్స్ వచ్చాయా?" అంటాడు. వాడు తన చేత్తో విప్పిన మొదటి ఇంజను అది.

మా నాన్న కాలం నుంచి మీ పెట్టె గుర్తు చూసే సామాన్లు కొంటున్నాం. ఈసారీ షాపాయన తక్కువ ధరవి చూపిస్తే, "వద్దు, మన పాత కంపెనీదే ఇవ్వు" అన్నది నేనే. ఇంట్లో విప్పుకునేవాణ్ణి కస్టమర్ కిందే లెక్కపెట్టరని తెలిసుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు.

సరైన సైజు సెట్టు మా ఇంటికి పంపండి. దానితో పాటు, పరిష్కరించామని రాసిన మనిషి నాకు ఫోన్ చేసి మాట్లాడాలి. నాకు అదే ముఖ్యం. పది రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే వేయొచ్చు, కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్లు, ఫోటోలు, మీవాళ్ళు ఫోన్ చేసిన తేదీలు, టైములు మా అబ్బాయి నోటుబుక్కులో రాసి ఉన్నాయి. ఆ షెల్స్ లేత్ షాపు మేస్త్రీకి కూడా చూపించాను. ఆయన దగ్గరికి రోజూ ఎన్ని ఇంజన్లు వస్తాయో మీరే కనుక్కోండి.

ఇట్లు,
పొదలకూరు నిమ్మ రైతు