ఇసుక గురించి మీరు రాయని సంగతి

సంపాదకులకు నమస్కారం.

మా గోదావరి జిల్లాల పేజీల్లో ఇసుక వార్త లేని రోజు ఉండదు. ర్యాంపులు, ఉచిత ఇసుక, రాత్రిపూట లారీలు, అన్నీ రాస్తున్నారు, మంచిదే. కానీ అదే ఇసుకని జల్లించి, కంప్రెసర్ గాలితో ఇనుము మీదకి కొట్టి తుప్పు వదలగొట్టే వాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల ఊపిరితిత్తుల గురించి ఒక్క ముక్క నా కంటపడలేదు. నేనూ ఆ పని చేశాను కాబట్టే ఈ ఉత్తరం.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రెండెకరాల రొయ్యల చెరువు, ఇంటి పక్కన ఒక కారు షెడ్డు. చెరువు నీళ్లు, ఉప్పుగాలి కలిసి ఎయిరేటర్ల (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఇనుప ఫ్రేములని ఏం చేస్తాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, ఈ పంటకి కొట్టించిన రెడ్ ఆక్సైడ్ పూత వచ్చే పంటకి పెచ్చులుగా లేచిపోతుంది. దానికి తోడు నాన్నగారి పాత రాజ్‌దూత్ మోటారు సైకిలు ఒకటి, అమ్మడానికి మనసొప్పదు, చూడటానికి కళ్లొప్పవు. వీడియోలు చూసి చిన్న శాండ్ బ్లాస్టింగ్ గన్ తెప్పించుకున్నాను. ఇసుకకి కొదవేముంది, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన గోదావరి ఇసుక ఉంది కదా అని ఎండబెట్టి, దోమతెరలో జల్లించి, మొహానికి తుండుగుడ్డ చుట్టుకుని పెరట్లో మొదలుపెట్టాను. తుప్పు భలే వదిలింది. అరగంటకల్లా పక్కింటి పిన్నిగారు డాబా మీద పెట్టుకున్న గుమ్మడికాయ ఒడియాల మీద తెల్లటి పొడి పేరుకుంది. ఆవిడ అన్న మాటలు పత్రికలో వేసేవి కాదు. నాకు మూడు రోజులు పొడిదగ్గు. డాక్టరు గారు ఏం పని చేశావని అడిగి, ఇసుక అనగానే మందు రాయడం ఆపి ముందు చీవాట్లు పెట్టారు.

ఆయన చెప్పాక అర్థమైంది. నది ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే సిలికా. మామూలుగా అది గరుకు రేణువు, ముక్కులోనే ఆగిపోతుంది. ఆ రేణువు అంత వేగంతో ఇనుముకి తగిలినప్పుడు పగిలి పిండైపోతుంది, ఆ పిండిలో కంటికి కనపడని నలుసు గంటల తరబడి గాలిలోనే తేలుతుంది, తుండుగుడ్డ దానికి అడ్డమే కాదు. లోపలికి వెళ్లింది బయటికి రాదు. ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది, దాన్నే సిలికోసిస్ అంటారు, నయం చేసే మందు లేదు. పైగా క్షయ తొందరగా అంటుకుంటుంది, ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించి టీబీ మందులు వాడుతూ గడిపేసేవాళ్లూ ఉంటారు. బ్రిటన్‌లో ఇసుకతో బ్లాస్టింగ్ 1950లోనే ఆపేశారట. మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్ పేరు జబ్బుల జాబితాలో చేరింది. అయితే ఇద్దరు కుర్రాళ్లతో నడిచే షెడ్డు ఫ్యాక్టరీ కాదు కదా, నా పెరడు అసలే కాదు, అక్కడికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు.

పని మానేయొచ్చు. కానీ తుప్పు మానదు. అందుకని షెడ్డులోనే బ్లాస్టింగ్‌కి, పెయింట్‌కి ఒక బూత్ కట్టాను, అంటే చుట్టూ తెరలు కట్టిన చిన్న గది, విప్పి మడిచి అటకెక్కించేది. ఎందుకు విప్పేది అంటే, మా షెడ్డు కారుకి ఒక్కదానికే కాదండి, మాసూళ్లప్పుడు వాన పడితే ధాన్యం బస్తాలకి, సంక్రాంతికి చుట్టాల మంచాలకి కూడా అదే దిక్కు. శాశ్వతంగా గోడ కడితే మా ఆవిడ నన్ను ఆ గోడ అవతలే ఉండమంటుంది.

మొదట పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు అనుకున్నాను. పెయింట్ కొట్టేటప్పుడు గాలి మన వెనక నుంచి వచ్చి వస్తువు మీదుగా అవతలికి పోవాలి, నిమిషానికి ఓ వంద అడుగుల వేగం ఉండాలన్నది పాత లెక్క. ఆ లెక్కన నిమిషానికి 8,000 ఘనపుటడుగుల గాలి లాగాలి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఏ మూలకీ రాదు. బూత్‌నే కుదించాను: ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల పొడుగు. ఇప్పుడు 4,200 చాలు, ఒక పాత రైస్‌మిల్లు బ్లోయర్ బాగుచేయిస్తే సరిపోయింది. మోటారు మాత్రం గోడ అవతల పెట్టాను. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారుగా పోతుంది, మోటారులో చిన్న నిప్పురవ్వ చాలు. లైట్లు కూడా లోపల పెట్టలేదు, పారదర్శకమైన పాలిథిన్ బయట నుంచి వెలుగు పడుతుంది.

ఫ్రేముకి పీవీసీ పైపు చవక, తేలిక అని అందరూ చెప్పారు, నేను జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపే వేసి క్లాంపులు బిగించాను. బ్లాస్టింగ్‌లో రేణువులు రాసుకుని స్టాటిక్ కరెంటు పుడుతుంది, చేతికి చురుక్కుమంటుంది, అది థిన్నర్ దగ్గర చురుక్కుమంటే ఏమవుతుందో ఆలోచించండి. ఇనుప ఫ్రేముకి, కొట్టే వస్తువుకి ఎర్త్ తీగ కట్టొచ్చు, ప్లాస్టిక్ గొట్టానికి కడితే ఏం లాభం? తెరలు రెండు జతలు. బ్లాస్టింగ్‌కి ధాన్యం ఆరబోసే మందపాటి బరకం, పెయింట్‌కి శుభ్రమైన పాలిథిన్. ఒకే తెరతో రెండు పనులూ కానిద్దామని ఒకసారి చూశాను, మడతల్లో దాక్కున్న దుమ్ము అంతా తడి పెయింట్ మీద రాలి, నాన్నగారి ట్యాంకు నువ్వుల అరిసెలా తయారైంది. బ్లాస్టింగ్ రోజున బ్లోయర్ మూతికి గుడ్డ సంచి తగిలిస్తాను, ఒడియాల దెబ్బ గుర్తుంది.

ఇసుక బదులు ఇప్పుడు గార్నెట్ వాడుతున్నాను. శ్రీకాకుళం, భీమిలి తీరాల ఇసుకలో దొరికే ఎర్ర ఖనిజం అది, గట్టిది, తొందరగా పిండి కాదు, జల్లించి రెండు మూడు సార్లు వాడుకోవచ్చు. నల్లగా ఉండే కాపర్ స్లాగ్, అంటే రాగి కరిగించగా మిగిలే చిట్టెం, ఇంకా చవక, ఒకసారితో సరి. వీటికీ దుమ్ము లేస్తుంది, మాస్క్ తప్పదు, కానీ ఇసుకలో ఉన్నంత సిలికా ఉండదు. చిక్కల్లా దొరకడం దగ్గరే. మా చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే టన్నుల్లెక్కన ఆర్డరిస్తే తెప్పిస్తామంటారు, నాకు కావాల్సింది రెండు బస్తాలు. గన్ వచ్చిన పెట్టెలో కూడా ఇసుక వాడొద్దని ఒక్క ముక్క తెలుగులో లేదు.

మన డెల్టాలో ఇంకో తంటా తేమ. బ్లాస్టింగ్ చేసిన ఇనుము వెండిలా మెరుస్తుంది, భోంచేసి వచ్చేలోపు పసుపు రాసినట్టు మళ్లీ చిలుం. గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి, గాలిలో తేమ నీటి చుక్కలుగా పట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే ఇనుము కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి అంటారు. కాలవ గట్టు మీద ఊరు, చుట్టూ చెరువులు, కార్తీకం పొద్దున పూట అది కుదిరే పని కాదు. ఎండెక్కాక మొదలుపెట్టి, కొట్టినంత మేర వెంటనే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేసేస్తాను. గాలిలో తేమ వల్ల కంప్రెసర్ ట్యాంకులో చేరే నీళ్లు రోజూ వదలాల్సిందే.

కార్ల షెడ్లలో హార్డెనర్ కలిపి వాడే టూకే పెయింట్ జోలికి మాత్రం ఇంట్లో పోను. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఒకసారి పడకపోతే జన్మంతా ఉబ్బసం, మామూలు కార్ట్రిడ్జ్ మాస్క్‌ని నమ్ముకోవడానికి లేదు, బయట నుంచి పైపుతో మంచిగాలి అందే మాస్క్ కావాలి. నాకు మామూలు ఎనామిల్ చాలు. బండి మెరుపు కాస్త తగ్గితే తగ్గింది.

మీరు ఒక అరపేజీ దీనికి ఇవ్వండి. ఐటీఐ మాస్టార్లతో, ఊపిరితిత్తుల డాక్టర్లతో మాట్లాడి రాయండి. షాపుల వాళ్లు గార్నెట్ పాతిక కిలోల బస్తాల్లెక్కన విడిగా అమ్మేలా అడగండి.

అన్నట్టు, పిన్నిగారు మొన్న వచ్చి వాళ్ల పాత గేటు కూడా బాగు చేసి పెట్టమన్నారు. గేటు ఆవిడ పెళ్లినాటిది, ఆ కాలం రంగుల్లో సీసం ఉండేది, ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే కదా వచ్చింది. కాబట్టి ఆ పొడి కాలవలోకి ఊడ్చకుండా డబ్బాలో ఎత్తాలి. ఒడియాల సీజను అయ్యాకే మొదలుపెడతానని చెప్పాను.

ఇట్లు
మీ పాఠకుడు, పాలకొల్లు మండలం