చెరిపివేత నిబంధనల్లో ర్యామ్‌నూ చేర్చాలి

సంపాదకులకు నమస్కారం.

కరెంటు పోయినా దాచినది పోగొట్టుకోని కొత్త తరం మెమరీల గురించి వచ్చే వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే మాట ఒకటే: మీట నొక్కీ నొక్కగానే కంప్యూటర్ సిద్ధమవుతుందని. నిజమే గానీ అది చిన్న సంగతి. ఇంతకాలం కరెంటు తీస్తే, యంత్రం పనిచేసేటప్పుడు డేటాను ఉంచుకునే ర్యామ్ తనంతట తానే ఖాళీ అయ్యేది. ఇకపై ఆ పని ఎవరో ఒకరు పూనుకుని చేయాలి. కార్యాలయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు పాత యంత్రాలను వదిలించుకునేటప్పుడు హార్డ్‌డిస్క్ చెరిపారా లేదా అని చూస్తాయి. ర్యామ్ సంగతి అడగడం అరుదు.

ఇప్పటి కంప్యూటర్లలోని మామూలు ర్యామ్ పేరు డీర్యామ్. అందులో ఒక బిట్‌కు, అంటే ఒక 0 లేదా 1కి, మీటలా పనిచేసే ఒక ట్రాన్సిస్టర్, విద్యుత్ ఛార్జిని పట్టి ఉంచే ఒక కెపాసిటర్. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్‌కు 1966లో తట్టిన అమరిక ఇది. ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. అందుకే, ఉదాహరణకు డీడీఆర్4 రకం ర్యామ్‌లో, 64 మిల్లీసెకన్లు గడిచేలోగా చిప్‌లోని ప్రతి వరుసనూ చదివి తిరిగి నింపాలి. వేడి 85 డిగ్రీల సెల్సియస్ దాటితే గడువు 32 మిల్లీసెకన్లకు పడిపోతుంది. యంత్రం ఊరికే ఉన్నా ఈ నింపుడుకు కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. అలాగని డీర్యామ్ కూడా తక్షణం మరిచిపోదు: చిప్‌ను మైనస్ 50 డిగ్రీలకు చల్లబరిస్తే కరెంటు తీసిన పది నిమిషాల తర్వాత కూడా ఒక శాతం బిట్లయినా చెదరలేదని ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2008లో చూపించారు. పది నిమిషాలకే అంత గగ్గోలైతే, ఏళ్ల తరబడి నిలిచే మెమరీ సంగతేమిటి?

కొత్త మెమరీలు ఛార్జిని నమ్ముకోవు. ఫేజ్ ఛేంజ్ మెమరీలో జెర్మేనియం, యాంటిమొనీ, టెలూరియం కలిసిన పదార్థాన్ని కరిగించి గబుక్కున చల్లారిస్తే గాజులా బిగుసుకుని, కరెంటును అడ్డుకునే గుణం, అంటే నిరోధం, పెరుగుతుంది. కరగని వేడిలో కాసేపు ఉంచితే స్ఫటికమై నిరోధం తగ్గుతుంది. ఆ తేడాయే 0, 1. రెసిస్టివ్ మెమరీలో ఆక్సైడ్ పొర మధ్య సన్నటి వాహక పోగు ఏర్పడుతూ తెగుతూ ఉంటుంది. మాగ్నెటిక్ ర్యామ్‌లో రెండు అయస్కాంత పొరలు ఒకే దిశలో ఉంటే ఒక విలువ, ఎదురెదురుగా ఉంటే మరొకటి. దేని తంటా దానిది. ఆ పోగు ప్రతిసారీ ఒకే మందంతో ఏర్పడదు. గాజు స్థితి నిరోధం రోజులు గడిచేకొద్దీ పైకి పాకుతుంది, కనుక ఒకే సెల్‌లో (బిట్లను దాచే చిన్న గడిలో) రెండు మూడు బిట్లు ఇరికించడం కష్టం. అయస్కాంత పొర ఎక్కువ కాలం నిలవాలంటే దాన్ని తిప్పడానికి ఎక్కువ కరెంటు పంపాలి. పైగా దాచినది ఎంతకాలం నిలుస్తుందన్నది వేడిని బట్టి మారుతుంది. అందుకే, ఏ ఉష్ణోగ్రత దగ్గరో చెప్పకుండా 'పదేళ్లు నిలుస్తుంది' అనే ప్రకటనకు విలువ లేదు.

ఇదంతా రేపటి ముచ్చట కాదు. ఇంటెల్, మైక్రాన్ 2015లో ప్రకటించిన త్రీడీ క్రాస్‌పాయింట్ అనే, కరెంటు పోయినా మరిచిపోని మెమరీ 2019 నాటికి 128, 256, 512 గిగాబైట్ల మాడ్యూళ్లుగా సర్వర్ల ర్యామ్ స్లాట్లలోకే వచ్చింది. 2021లో మైక్రాన్ తప్పుకుంది, 2022లో ఇంటెల్ కూడా ఆ వ్యాపారానికి తెర దించుతున్నట్టు చెప్పింది. తయారీ అటకెక్కినా, ఆ మాడ్యూళ్లున్న సర్వర్లు ఇప్పుడిప్పుడే పాతబడి చేతులు మారుతున్నాయి. చూడటానికి అచ్చం మామూలు ర్యామ్ కర్రలే. వాటిలో డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే రహస్య లిపిలోకి మారే ఉంటుంది గానీ, దాన్ని విప్పే కీ ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. మామూలు ర్యామ్‌లా పనిచేసే 'మెమరీ మోడ్'లో వాడితే కరెంటు తీయగానే కీ పోతుంది, లోపలిది ఎవరికీ అక్కరకు రాదు. డేటాను శాశ్వతంగా దాచే 'యాప్ డైరెక్ట్ మోడ్'లో వాడితే కీ మాడ్యూల్‌లోనే భద్రంగా ఉంటుంది. పాస్‌ఫ్రేజ్ (పాస్‌వర్డ్ లాంటి మాట) పెట్టకపోతే ఆ కర్రను మరో సర్వర్‌లో గుచ్చి చదువుకోవచ్చు.

ఫైళ్లు డిలీట్ చేస్తే చాలదు. అంతటా సున్నాలు రాసినా పూర్తి భరోసా లేదు: ఒకేచోట పదేపదే రాస్తే సెల్ అరిగిపోతుందని, మాడ్యూల్‌ను నడిపే కంట్రోలర్ చిప్ రాతలను చోటు మారుస్తూ ఉంటుంది, పక్కనపెట్టిన పాత సెల్ అలాగే మిగిలిపోవచ్చు. మాడ్యూల్‌కు తయారీదారు ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడి కీనే నాశనం చేయాలి. తర్వాత కరెంటు తీసి, పెట్టి, చదివి చూడాలి. సీరియల్ నంబరుతో సహా రిజిస్టర్‌లో రాయాలి. ఆదేశానికి బదులివ్వని మాడ్యూల్‌ను ముక్కలు చేయడమే దారి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఒక మాట. 'రీస్టార్ట్ చేసి చూడండి' అనే సర్వరోగనివారిణి ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే చెడిపోయిన డేటా కూడా చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. ప్రాసెసర్ తన దగ్గరే తాత్కాలికంగా డేటా ఉంచుకునే క్యాష్ మాత్రం ఇప్పటికీ కరెంటుతోనే పోతుంది. జాబితాలో కొత్త పద్దు చేర్చేటప్పుడు ముందు పద్దును రాసి, క్యాష్ నుంచి మెమరీకి తోసి, అది చేరేదాకా ఆగి, ఆ తర్వాతే అది ఎక్కడుందో చూపే పాయింటర్ (చిరునామా) రాయాలి. ఈ వరుస తప్పిన క్షణంలో కరెంటు పోతే పాయింటర్ ఉంటుంది, పద్దు ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్లలో రాత ఒకే దెబ్బకు పూర్తిగా పడుతుందన్న హామీ 8 బైట్లకే. అంతకుమించిన మార్పును ఉన్నచోటే చేయాలంటే ముందుగా లాగ్ (చేయబోయే మార్పు చిట్టా) రాసుకోవాలి. కొనుగోలు పత్రాల్లో ఈ పరీక్షను షరతుగా పెట్టాలి: రాతల మధ్యలో వందల సార్లు కరెంటు తీసి, లెక్కలు సరిపోతున్నాయో లేదో చూపమనాలి.

చివరగా, నిబంధనలు రాసేవారు స్లాట్లలోని కర్రలతో ఆగకూడదు. మీటర్లలో, కంట్రోలర్ బోర్డుల్లో కరెంటు పోయినా మరిచిపోని ఫెర్రోఎలెక్ట్రిక్, మాగ్నెటిక్ మెమరీ చిప్‌లు బోర్డుకే అతికి ఉంటాయి. పాత బోర్డును తుక్కు కింద అమ్మేవారు ముందు దాని విడిభాగాల జాబితా తెప్పించుకుని, ఏ చిప్ దేన్ని దాచిపెట్టుకుందో గుర్తించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు