బాబ్జీగాడికి, తోలు సంపాదన గురించి

ఒరేయ్ బాబ్జీ,

ముందు తిట్లన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ మెయిల్ ఎప్పుడొచ్చిందో తారీఖు చూడదలచుకోలేదు. చూస్తే ఇంకా సిగ్గేసి అసలు రాయను. అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, మీ చెల్లెమ్మ బదిలీ ఆగింది, చిన్నది లెక్కల్లో అచ్చం నిన్ను గుర్తుచేస్తోంది (పొగడ్త కాదు). అయిపోయింది, ఇక అసలు సంగతి. చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టున్నాను.

నేను 20 రూపాయలు సంపాదించానురా. బ్యాంకులో కాదు. మా సందు చివర, మెట్రో స్తంభం పక్కన గోనె పట్టా మీద కూచుని, ఒక స్కూలు పిల్ల బ్యాగుకి తెగిన పట్టీ కుట్టి. ఆ నోటు మీ చెల్లెమ్మ చేతికి కూడా ఇవ్వలేదు.

ఆగు, మొదట్నుంచీ చెప్తా. ఎర్రగడ్డ సండే మార్కెట్ గుర్తుందిగా? నీ సైకిల్ పోతే వెతుక్కుంటూ వెళ్ళి, సాక్షాత్తూ అదే సైకిల్ కళ్ళముందు కనబడ్డా అడిగే దమ్ము లేక టీ తాగి తిరిగొచ్చామే, అక్కడే. ఏమీ మారలేదు. పాత డ్రిల్లింగ్ మెషిన్లు, ఫ్యాన్ రెక్కలు, జత లేని బూట్లు, అన్నీ ఉన్నాయి. నేను వెళ్ళింది మిక్సీ జార్ మూత కోసం. ఒకచోట విదేశీ స్వెట్టర్లు గుట్ట పోశారు, దాని అడుగునుంచి నల్లటి జాకెట్ చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. పట్టుకుని లాగాను. రాదే! రెండు చేతులా లాగితే వచ్చింది. ఆ బరువుకే నాకు గుండె దడదడలాడింది, ఎందుకంటే రెక్సిన్ అంత బరువుండదు, అది అసలు తోలు.

వాలుగా పోయే జిప్పు, కాలర్ కొసలకి నొక్కుడు బటన్లు, నడుం దగ్గర బెల్టు. హాస్టల్లో నీ బుర్ర తిన్నానే, అదే ఆకారం. 1928లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ అనే ఆయన బైకులు నడిపేవాళ్ళ కోసం కుట్టించి, తనకిష్టమైన చుట్ట పేరు పర్ఫెక్టో అని పెట్టి, అయిదున్నర డాలర్లకి అమ్మాడని చెప్తే, "మా తాత కూడా చుట్ట తాగేవాడు, ఆయన పేరు మీద కనీసం తువ్వాలు కూడా లేదు" అన్నావు. నాకు అన్నీ గుర్తుంటాయి. జిప్పు వాలుగా ఎందుకో తెలుసా? అందానికి కాదు. ఒక ముక్క రెండోదాని మీదికి బాగా ఎక్కి గాలి లోపలికి దూరదు, హ్యాండిల్ మీదికి వంగినప్పుడు జిప్పు పొట్టలో గుచ్చుకోదు. నాకీ పాత బట్టలంటే పిచ్చి పట్టింది ఇందుకే. ప్రతి వంపుకీ ఒక పని ఉంటుంది. ఇప్పుడు మాల్‌లో అమ్మేవాటికి జేబు ఉన్నట్టే ఉంటుంది, చెయ్యి పెట్టబోతే కుట్టేసి ఉంటుంది.

మనది షాట్ కాదులే, అంత అదృష్టమా. మెడ దగ్గర లేబుల్ ఎవడో కత్తిరించేశాడు. కానీ జిప్పు ఇత్తడిది, రన్నర్ మీద టాలన్ అని ఉంది. అది అమెరికా జిప్పురా! ఇప్పుడు మనం వాడే జిప్పుకి రూపం తెచ్చిన గిడియన్ సుండ్‌బాక్ పనిచేసిన కంపెనీ అదే, పెన్సిల్వేనియాలో మీడ్‌విల్ అనే ఊళ్ళో. 1917లో ఆయనకి పేటెంటు వచ్చింది. నువ్వూ అమెరికాలోనే ఉన్నావుగా, మీ ఇంటికి కారులో ఎన్ని గంటలో చూసుకో. అక్కడి జిప్పు ఎర్రగడ్డ దాకా ఎలా వచ్చిందో ఆ అమ్మేవాణ్ణి అడిగితే "వచ్చింది సార్, మీరు తీసుకోండి" అన్నాడు. రెండు వేలు చెప్పాడు. మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్న విద్య ప్రయోగించాను, అంటే మొహం చిట్లించి, కింద పడేసి, నాలుగడుగులు నడిచాను. ఎనిమిది వందలకి వెనక్కి పిలిచాడు. మిక్సీ మూత మాత్రం కొనలేదు, దాని గురించి ఇంట్లో ఇంకా నడుస్తోంది.

దాని అవస్థ విను. లోపల లైనింగ్ పీలికలు. కుడి మోచెయ్యి పగిలింది. చంక కింద కుట్టు బెత్తెడు విడిపోయింది. బూజు. జిప్పు రన్నర్ ఒక వైపు పళ్ళనే పట్టుకుంటుంది. వాసన సంగతి అడక్కు. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది, "ఎవరు వేసుకుని పోయారో ఏమో, ఆ తోలు లోపలికి తెచ్చావంటే" అని. దాంతో బాల్కనీలో నీడపట్టున వేలాడదీశాను. ఎండలో పెడితే తోల్లో ఉన్న జిడ్డు ఆరిపోయి బీటలిస్తుంది. వెనిగర్ కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, బూజు తుడిచాను. నాలాంటి వాడికి అక్కడి దాకానే వచ్చు.

తర్వాత తోలు సామాన్లకి మెరుగు పెట్టే కొట్టుకి వెళ్ళాను, ఏసీ కొట్టు, పేరెందుకులే. అక్కడి కుర్రాడు రెండు వేళ్ళతో పట్టుకుని చూసి ఆరున్నర వేలన్నాడు. జిప్పు పీకేసి ప్లాస్టిక్‌ది వేస్తాడట, మొత్తం నల్ల పెయింట్ కొడతాడట, "కొత్తదానిలా అయిపోతుంది సార్." కొత్తది కావాలంటే కొత్తదే కొనుక్కునేవాణ్ణి కదా! ఆ మోచేతి దగ్గర మడతలు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు చెయ్యి వంచి వంచి వేసినవి. వాటి మీద పెయింట్ కొడతాడట. లేచి వచ్చేశాను.

అలా వస్తుంటే సందు చివర చెప్పులు కుట్టే పెద్దాయన కనిపించాడు. రోజూ చూసే మనిషే. ఏదో ఆశ, చూపించాను. ఆయన పైవైపు చూడనే లేదురా. తిరగేసి, చినిగిన లైనింగ్‌లోంచి చెయ్యి దూర్చి, తోలు లోపలివైపు నూగుని బొటనవేలితో రుద్ది, వాసన చూసి, ఒక మూల మడిచి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నా.

"ఆవు తోలు బిడ్డా. మందుల తోలు, పట్ట తోలు కాదు," అన్నాడు. "గీ చెయ్యి వీపు తోలుతోని కోసిండు. గీ చంక కాడ ముక్క కడుపు తోలు. కడుపు తోలు సాగుతది, గందుకే గీడ కుట్టు పోయింది."

పట్ట ఏమిటని అడిగాను. తంగేడు పట్ట, అంటే బెరడు! బతుకమ్మకి పూలు కోసుకొస్తారే, తెలంగాణ రాష్ట్ర పుష్పం అని బోర్డుల మీద వేస్తారే, ఆ తంగేడే. నల్గొండ వైపు వాళ్ళ ఊళ్ళో వాళ్ళ నాన్నకి లంద, అంటే తోళ్ళు ఊరేసే తొట్టి, ఉండేదట. తోలు ముందు సున్నంలో నానేసి, వెంట్రుకలు ఊడదీసి, గీకి, తంగేడు పట్ట రసంలో వారాల తరబడి ఊరేసేవాళ్ళు, చివర్లో కరక్కాయ. ఆ పట్ట తోళ్ళే ఒకప్పుడు మద్రాసు రేవునుంచి లండన్ మార్కెట్ దాకా వెళ్ళేవని, ఈస్ట్ ఇండియా తోళ్ళని అక్కడ పేరుండేదని నేను చదివాను. అది చెప్తే ఆయన "మాకు గవన్నీ ఏం తెలుసు, మాకు వాసన తెలుసు" అన్నాడు. మందుల తోలంటే క్రోమియంతో చేసేది. అమెరికాలో 1884లో దానికి పేటెంట్లు తీశారు. అది వచ్చాక వారాల పని ఒకటి రెండు రోజుల్లోకి దిగిపోయింది. ఇప్పుడు మెత్తగా ఉండే జాకెట్లు దాదాపు అన్నీ అవే. నేనైతే క్రోమ్ తోలుని తిట్టను, జాకెట్‌కి అదే బాగుంటుంది, వానలో తట్టుకుంటుంది. కానీ బెల్టుకీ బ్యాగుకీ పట్ట తోలే. వాడినకొద్దీ రంగు తిరుగుతుంది చూడు... సరే, మొదలుపెడితే ఆపను, నీకు తెలుసు.

"మీరు కుట్టొద్దు, నాకు నేర్పండి" అన్నాను. ఎగాదిగా చూశాడు. ప్యాంటు, ఐడీ కార్డు, మెడలో తాడు. ఆదివారం రమ్మన్నాడు, రానని గట్టిగా అనుకునే ఉంటాడు. వెళ్ళాను.

మామూలుగా ఆయన చేతిలో ఉండేది కొసకి కొక్కెం ఉన్న ఆరె. తోల్లోంచి దించి, కింద దారం తగిలించుకుని పైకి లాగి, గబగబా కుట్టేస్తాడు. జాకెట్‌కి మాత్రం దాన్ని పక్కన పెట్టాడు. ఒకటే దారం, రెండు కొసలకీ రెండు సూదులు. దారానికి తేనెమైనం పట్టించాలి, వేళ్ళ మధ్య లాగితే కిర్రుమనాలి. ఒక బెజ్జంలోంచే అటు సూది ఇటు, ఇటు సూది అటు. రెండు చేతులతో ఒక్కసారి బిగించాలి. మిషను కుట్టులో ఒకచోట దారం తెగితే పక్కవి కూడా ఊడుతూ పోతాయి, ఇందులో ఒక దారం తెగినా రెండోది అదే బెజ్జంలో పట్టుకుని ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, పాత బెజ్జాల్లోంచే కుట్టాలి. గుడ్డయితే ఎన్నిసార్లు పొడిచినా ఫరవాలేదు, తోలుకి బెజ్జం పడితే పడ్డట్టే. దగ్గరదగ్గరగా కొత్తవి పొడిచావో, స్టాంపుల కాగితం చిరిగినట్టు ఆ గీత వెంట చిరిగి ఊరుకుంటుంది. మొదటి పూటంతా నా పని బెజ్జాల్లోంచి పాత దారం ముక్కలు ఏరడమే.

మోచేతికి అతుకు మా నాన్నగారి ఎల్‌ఐసీ బ్యాగులోంచి. అవును, అదే బ్యాగు, నువ్వు పరీక్ష ముందు రోజు దాచిన బ్యాగే! గోధుమరంగు. నల్ల జాకెట్‌కి గోధుమ అతుకేమిటని మీ చెల్లెమ్మ. అతుకు అతుకులాగే కనబడాలి, అదే నా ఫ్యాషన్ అన్నాను. లైనింగ్‌కి తన పాత పోచంపల్లి చీర అడిగితే మొదట కొట్టబోయింది, తర్వాత కొంగు చిరిగినది తీసిచ్చింది. ఒంటికి చీర, చేతులకి మాత్రం శాటిన్. చేతుల్లో నూలు గుడ్డ వేస్తే చొక్కాకి పట్టుకుని చెయ్యి దూరదు. ఆ పని టైలర్ చేశాడు, అబద్ధమెందుకు.

ఇప్పుడు 20 రూపాయలు. చంక కుట్టు అయ్యేసరికి ఒక పిల్ల వచ్చింది, ఆరో ఏడో చదువుతుంటుంది, బ్యాగు పట్టీ పట్టుకుని. పెద్దాయన నా వైపు గడ్డం ఎగరేసి చూపించాడు. "సార్ కుడతడు." చేతులు వణికాయిరా, లోన్ ఫైళ్ళ మీద సంతకాలు పెట్టే చేతులు. ఆ పిల్ల నా పక్కనే గొంతుక్కూచుని ప్రతి కుట్టూ చూసింది. అయ్యాక బ్యాగు భుజానికేసుకుని పట్టీని గట్టిగా గుంజి, మళ్ళీ గుంజి, "ఈ అంకుల్ రోజూ ఉంటాడా తాతా?" అంది. 20 రూపాయలు తీసి నాకివ్వలేదు, ఆయనకిచ్చింది. ఆయన నా జేబులో పెట్టాడు.

నేను ఎగిరి గంతేసేంత ఆనందంలో ఉండి, నోరు ఊరుకోక, మీ అబ్బాయికి నేర్పారా అని అడిగాను. క్యాబ్ నడుపుతాడట. "వానికి ఆరె ముట్టొద్దని నేనే చెప్పిన" అన్నాడు. ఇంకేం అనలేదు, ఎవరిదో చెప్పు అందుకున్నాడు. నాకు సరదా అయింది, ఆయన కన్నకొడుకుని దూరంగా ఉంచాలనుకున్న పని. నేను ఆదివారం కూచుని లేచి వెళ్ళిపోతాను, నన్ను ఎవరూ ఏమీ అనరు, పైగా ఫొటో తీసుకుంటే లైకులు కొడతారు. ఆయన్ని... ఏమోరా, దీని గురించి నీతో ఫోన్లో మాట్లాడాలి, రాస్తుంటే అడ్డదిడ్డంగా వస్తోంది.

మామయ్య వచ్చినప్పుడు విని "మనకెందుకురా ఆ పని" అన్నాడు. ఆయన కాళ్ళకున్న బూట్లు ఏడు వేలవి, తోలువే. ఆ మాట అనేశాను. భోజనం దాకా మాట్లాడలేదు. అమ్మ మధ్యలో పడి పెరుగు వడ్డించింది. విచిత్రం ఏమిటంటే మర్నాడు అమ్మే బాల్కనీలోకి వచ్చి, మీ తాతయ్య కిర్రు చెప్పులు ఆముదంలో నానబెట్టేవారు, కొంచెం రాయకపోయావా అంది. ఇంట్లోకి మాత్రం ఇంకా రానివ్వలేదు.

వీపు ఖాళీగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం కుర్రాళ్ళు తమ తోలు జాకెట్ల వీపు మీద విమానం పేర్లూ బొమ్మలూ వేయించుకునేవాళ్ళు. నాకేం వేయించాలో నువ్వే చెప్పాలి. "నాలుగో నంబర్ ఇడ్లీ" అని రాయిస్తే ఈ భూమ్మీద నువ్వూ నేనూ తప్ప ఇంకెవరు నవ్వుతారు? వార్డెన్ బతికుంటే ఆయన. వేసుకోడానికి ఎటూ డిసెంబరు దాకా ఆగాలి, ఇప్పుడు వేసుకుంటే హైదరాబాద్‌లో ఉడికిపోతాను.

అసలు పని మర్చిపోతున్నా. జిప్పు రన్నర్ ఇంకా అలాగే ఉంది. పెద్దాయన పట్టకారుతో నొక్కి చూశాడు, రెండు రోజులు పట్టుకుని మళ్ళీ వదిలేసింది. దసరాకి వస్తున్నావుగా, అక్కడ పాత టాలన్ రన్నర్ దొరుకుతుందేమో చూడు. ఇత్తడిది, స్టీలుది తెచ్చావంటే ఊరుకోను. పళ్ళు మూసినప్పుడు వెడల్పు దాదాపు 5 మిల్లీమీటర్లు. ఫొటో రాత్రికి పంపుతా, స్కేలు పక్కన పెట్టి తీస్తాను. దొరికితే రెండు కొను, ఎందుకంటే పెద్దాయన ఇంకో

అయ్యో, స్కూలు వ్యాను హారన్ కొడుతున్నాడు, చిన్నదానికి ఇంకా జడ కూడా వెయ్యలేదు, మీ చెల్లెమ్మ అరుస్తోంది. ఉంటా.

నీ
ఇడ్లీ