అమ్మకు, కువైట్ నుంచి

అమ్మా,

ప్రభువు నామంలో వందనాలు. ఫోన్ ఉండగా ఉత్తరమేంటని కంగారుపడకు, ఒంట్లో బాగానే ఉంది. ఫోనైతే నువ్వు ఏడుస్తావు, నేను మాట మార్చేస్తాను. అందుకని రాసి, సెలవుకు వస్తున్న ఒకన్న చేతికిచ్చి పంపుతున్నాను. ఖర్జూరం కూడా ఉంది, చెల్లికి సగం ఇవ్వు.

పని మామూలే. పిల్లల్ని స్కూల్లో దించడం, మామాని, అదే మా యజమానురాలిని, బజారుకి తీసుకెళ్ళడం. ఎండ యాభై దగ్గరుంది. పోయినసారి నువ్వు పంపిన కారం డబ్బా మూత ఊడి, నా బట్టలన్నీ ఇప్పటికీ మిర్చి యార్డు వాసనే.

బాబా, అదే మా యజమాని, జీతం ఆపాడని నేను మీతో చెప్పింది అబద్ధమమ్మా. ఒక్క నెల కూడా ఆపలేదు. చెల్లి వాళ్ళ శ్లాబు ఆగింది నా వల్లే. ఫోన్లో రమ్మీ ఆడాను. మొదట్లో కొంచెం వచ్చింది, తర్వాత పోయింది తిరిగి రాబట్టాలని ఆడాను. ఐదు నెలల్లో 2,40,000 రూపాయలు. బావకి నువ్వే మెల్లగా చెప్పు. వద్దులే, నేనే చెప్తాను.

డబ్బు పోయినందుకన్నా మీ ప్రార్థన వల్ల ఎక్కువ నలిగిపోయాను. శుక్రవారం ఉపవాస కూడికలో ఆడవాళ్ళంతా మోకాళ్ళ మీదుండి బాబా మనసు మెత్తబడాలని ప్రార్థిస్తున్నారని చెప్పేదానివి. ఎవరో ఆయన్ని బైబిల్లో గుండె కరగని ఫరో రాజుతో పోల్చారన్నావు. ఆ ఫరో పండక్కి నాకు రెండు జతల బట్టలు కొన్నాడు. నువ్వు అది చెప్పిన రోజు అన్నం సహించలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు ఇక్కడి గుడికి పోలేదు. డ్యూటీ ఉందని నీతో చెప్పింది కూడా అబద్ధమే.

కిందటి సెలవులో మన గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పాను, గుర్తుందా? పాస్టరు అయ్యగారు భుజం తట్టారు, నువ్వు కొంగుతో కళ్ళు తుడుచుకున్నావు. అప్పటికే ఆట మొదలైంది. ఆదివారం అందరం కలిసి చెప్పే పాపపు ఒప్పుకోలు నాకు చూడకుండా వచ్చు కదా. తలంపులో, మాటలో, క్రియలో అని గడగడా అప్పజెప్పేవాణ్ణి. ఆ మూడింట్లో ఒక్కటీ నాదనిపించలేదు.

మొన్న ఒక శుక్రవారం రూములో అన్న బలవంతపెడితే వెళ్ళాను. సిటీలో గుడి ఆవరణలో ఒక గదిలో మలయాళం, ఒక గదిలో తమిళం, మనది ఒక మూల. హాగరు గురించి చదివారు, ఆదికాండము 16. ఇంట్లో పనిమనిషి, యజమానురాలు శారయి పెట్టే కష్టాలకు తాళలేక కడుపుతో ఉండి ఎడారిలోకి పారిపోయింది. దూత ఆమెను పేరుపెట్టి పిలిచి, శారయి దాసివని కూడా అని, ఆ తర్వాత అడిగాడు, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని.

అమ్మా, ఇక్కడ చెక్‌పోస్టులో పోలీసులు నన్ను అడిగేది అదే ప్రశ్న. వాళ్ళకు తెలియక అడుగుతారు. ఆయన అన్నీ తెలిసే అడిగాడు. ఆమె చూడు, సగమే చెప్పింది. ఎవరి దగ్గర నుంచి పారిపోతోందో చెప్పింది గానీ ఎక్కడికో చెప్పలేదు. పాపం, తెలిస్తే కదా. ఆ సగం జవాబుకి కూడా ఆయన విసుక్కోలేదు, కొడుకు పుడతాడని మాటిచ్చాడు. అప్పుడు ఆమె దేవుడికి పేరు పెట్టింది, "చూచుచున్న దేవుడవు నీవే" అని. నాన్న నేర్పిన 139వ కీర్తన అప్పుడు గుర్తొచ్చింది. నేను కూర్చున్నా లేచినా ఆయనకు తెలుసని ఉంటుంది. చిన్నప్పుడు అది వింటే బెదిరింపులా ఉండేది. అర్ధరాత్రి దుప్పటి కింద ఫోన్ వెలుగులో ఆడుతున్నప్పుడూ చూశాడు, చూసి కూడా వదిలెయ్యలేదు. ఇంక నేను ఆయన దగ్గర దాచడానికి ఏముంది? కొత్తగా చెప్పాల్సింది మీకే.

మెరుపులేం మెరవలేదు. ఆ రాత్రి నిద్ర పట్టింది, అంతే.

దూత ఆమెను మళ్ళీ ఆ ఇంటికే పొమ్మన్నాడు, అది మాత్రం నాకిప్పటికీ మింగుడు పడదు. కష్టపెట్టిన చోటికే ఎందుకు పంపాలి? అయ్యగారిని అడుగు. నా సంగతి వేరు, నన్నెవరూ కష్టపెట్టలేదు.

దేవుడు క్షమిస్తే శ్లాబు ఎవరు వేస్తారని బావ అంటాడు, నిజమే. నేనే వెయ్యాలి. ఆట తీసేశాను, బ్యాంకు కార్డు రూములో అన్న దగ్గరుంది. ఇకనుంచి జీతం పడిన రోజే నీకు వేస్తాను.

జూలై 31 వస్తోంది, మిషనరీ హయ్యరు దొర వచ్చిన రోజు. 1842లో మన గుంటూరు చేరేసరికి ఆయనకు 49 ఏళ్ళట. ఆ వయసులో ఆయన అమెరికా నుంచి ఓడెక్కి వచ్చాడు, నువ్వు నాలుగైదు గంటల విమానానికి ఏడుస్తావేంరా అని నాన్న ఎయిర్‌పోర్టులో నన్ను నవ్వించాడు. నాన్న ఉంటే ఈ ఉత్తరం ఇంకా ముందే రాసేవాణ్ణేమో. భయంతో అసలు రాయకపోదునేమో కూడా.

కూడికలో ఆడవాళ్ళకు నిజం చెప్పెయ్యి. నీకు సిగ్గయితే ఈ ఉత్తరమే చదివించు. బాబా పేరు మాత్రం తీసెయ్యకండి. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు, రాత్రుళ్ళు మూలుగుతూ ఉంటుంది. ఆవిడ కోసం ప్రార్థించండి.

నీ కొడుకు