షెడ్డుకు ఇచ్చేముందు

శ్రీకాకుళం

చిరంజీవి సౌజన్యకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాళ్లు చలికి తప్ప బాగానే ఉన్నాయి. రథసప్తమికి అరసవల్లిలో ఇసుక వేస్తే రాలనంత జనం. పిన్ని వాళ్లు వచ్చారు, నిన్నే అడిగారు. మొన్న చిట్టిబాబు విశాఖపట్నం నుంచి వచ్చి, మాటల మధ్యలో మన కారు ఏదో పెయింటు షెడ్డు ముందు కనిపించిందన్నాడు. దాని కోసం రాస్తున్నాననుకోకు. నువ్వు ఫోను ఎత్తడం లేదని రాస్తున్నాను.

కారు మాట వచ్చింది కనుక రెండు ముక్కలు. గీతలు పడ్డాయని రంగు వేయించేయకూడదు. గీతకు అడ్డంగా గోరు లాగి చూడు. తట్టకుండా జారిపోతే అది పైపూతలోదే, పాలిష్ చాలు. అదీ పదే పదే చేయిస్తే ఉన్న పూత అరిగిపోతుంది. లోపలి రేకు కనిపిస్తే మాత్రం ఆలస్యం వద్దు, నువ్వుండేది సముద్రపు గాలిలో. ఎడమ తలుపు అడుగున రంగు పొక్కిపోయి ఉంటుంది, అది తుప్పే. అక్కడివరకు గీకించి, ప్రైమర్ కొట్టించి, ఆ మేరకే రంగు వేయించు. తలుపంతా వేయిస్తే 2004 నాటి తెలుపు పక్కన కొత్త తెలుపు ఎబ్బెట్టుగా ఉంటుంది. అప్పుడు రెండో తలుపూ అంటాడు, ఆపైన బండంతా అంటాడు. పుట్టీ దట్టంగా మెత్తితే అయస్కాంతం అంటదు, పట్టుకెళ్లి చూడు. ఎరుపు వేయించాలని నీకెప్పటినుంచో సరదా. రంగు మారిస్తే ఆర్‌సీలోనూ ఎక్కించాలి, గుర్తుంచుకో.

ముందు బంపరు విప్పి పెట్టారని చిట్టిబాబు అన్నాడు. గీతలకు బంపరెందుకు విప్పుతారో నాకు అంతుపట్టలేదు.

బానెట్ మీది సొట్ట జోలికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకు. 2018లో నువ్వు హాస్టల్‌లో ఉన్నావు, నీకు సగమే తెలుసు. దసరాకని కవిటి వెళ్లాం. అక్టోబరు 10 సాయంత్రానికే గాలి తిరిగింది. కారును కొబ్బరి చెట్ల కింద పెట్టొద్దని మీ మామయ్య, గోడ పక్కనైతే పెంకులు పడతాయని నేను, చీకటి పడేదాకా అదే వాదన. చివరికి పశువుల శాల దగ్గర పెట్టాం. తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటుతున్నప్పుడు వీధి తలుపు ఊడివస్తుందేమోనని మంచం అడ్డం పెట్టి, దాని మీద అందరం బరువుగా కూర్చున్నాం. మీ అత్తయ్య ఆ గందరగోళంలోనూ పాలకుండ ఒళ్లో పెట్టుకుంది. తెల్లారి చూస్తే, ఆ ఇంటి నుంచి ఎన్నడూ కనిపించని పక్క ఊరి గుడి కనిపించింది. మధ్యలో ఉండవలసిన కొబ్బరి, జీడి చెట్లన్నీ నేల మీద ఉన్నాయి. ఎక్కడినుంచి ఎగిరి వచ్చిందో, ఒక గెల మన బానెట్ మీద పడి ఉంది. మామయ్య తోటవైపు తిరగనేలేదు. నేరుగా వచ్చి సొట్ట మీద చెయ్యి పెట్టి, 'అయ్యో బావా, మీ బండి పాడైపోయిందే, బాగు చేయించే పూచీ నాది' అన్నాడు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది, ఆయన నా రేకు గురించి బాధపడ్డాడు. బాగుచేయిస్తే డబ్బులిస్తానని పట్టుబడతాడని అప్పుడు ఊరుకున్నాను. తర్వాత తీయించబుద్ధి కాలేదు.

మన బండికి ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే. ఎక్కడైనా తగిలిస్తే బండి బాగుకు రూపాయి రాదు. తగిలించావని అనడం లేదు. రాత్రి డ్యూటీ దిగి నిద్రకళ్లతో నడపొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఆటోలున్నాయి, బస్సులున్నాయి. డబ్బు మిగిల్చి ఎవరికి పెడతావు? సరే, ఉపన్యాసం ఆపుతాను. గుద్ది ఉంటే గుద్దానని చెప్పు, తిట్టను. తిడతాను గానీ కొంచెమే.

చిట్టిబాబు నిన్నూ చూశాడట, కుడిచేతికి కట్టు ఉందట. మీ అమ్మకు ఆ సంగతి చెప్పలేదు. టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నావా? కట్టు తడవనివ్వకు, అంట్లు పనిమనిషికి వదిలెయ్యి. ఉత్తరం అందిన రోజే ఫోను చెయ్యి, తొమ్మిది దాటాక చెయ్యి, అప్పటికి మీ అమ్మ పడుకుంటుంది. షెడ్డు బిల్లు ఎంతో కూడా చెప్పు, పంపుతాను.

మీ నాన్న